జాలుకుంటకు మడత లేదు

ఆండాళు ఏ ముచ్చటా నిండుగా చెప్పదు. సగం చెప్పి, "మిగిలింది నువ్వే ఇప్పుకో" అంటుంది. పులుసు ఎలా పెట్టావని అడిగితే పోపు దాకా చెప్పి ఆగుతుంది. పెళ్ళికి ఎవరెవరు వచ్చారంటే పిల్లవాడి తరఫు వాళ్ళను వరుసపెట్టి చెప్పి, "పిల్ల దిక్కు గూడ గంతే" అని తేల్చేస్తుంది. రామన్నపేట నుంచి ఆటోలో అరగంట దూరముండే పాలకుంట్లలో దీనికి ఎవరూ విసుక్కోరు. ఆమె చేసే పనే ఆమెకు ఆ అలవాటు నేర్పిందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆండాళు చిటికి చీరలకు గ్రాఫు గీస్తుంది. చిటికి పనిలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. నూలును మడతలు వేసి, సైకిలు ట్యూబు చీలికలతో అక్కడక్కడా గట్టిగా కట్టి, రంగు గాబులో ముంచుతారు. కట్టున్న చోట రంగు దిగదు, లేని చోట దిగుతుంది. ఎక్కడ కట్టాలో చెప్పేది గళ్ళ కాగితం. ఆ కాగితం మీద బొమ్మను సగమే గీస్తారు. నూలు మడిచి ఉంటుంది కనక, ఎడమవైపు ఏది గీస్తే మడత విప్పాక కుడివైపూ అదే వచ్చి కూర్చుంటుంది. ఒక చిలకను గీస్తే ఎదురెదురుగా రెండు చిలకలు. సగం శ్రమకు నిండు బొమ్మ. ఇంత సుఖమైన లెక్క మరిగిన మనిషి, లోకంలో తక్కిన సంగతులను కూడా అలాగే కొలవడంలో వింతేముంది!

ఆ కాగితం ఆమె చేతికి ఊరికే రాలేదు. ఆమె మామ గండయ్య గీతను ఆడవాళ్ళకు అప్పగించే రకం కాదు. ఆడవాళ్ళు కట్లు కట్టాలి, కండెలు చుట్టాలి, గీత మాత్రం మగవాడి సొత్తని ఆయన గట్టి నమ్మకం. అలా నమ్ముతూ ఉండగానే ఆయన కళ్ళకు పొరలు వచ్చాయి. ఒక ఎండాకాలం ఆయన గీసిన ఏనుగుకు ఐదో కాలు మొలిచింది. మడత విప్పితే రెండు ఏనుగులు, పది కాళ్ళు. సావుకారు చీరను మడిచినట్టే వెనక్కి పంపాడు. మర్నాడు పొద్దున ఆండాళు మామ ముందు నుంచి కాగితం లాక్కుని, రబ్బరుతో ఏనుగు కాలొకటి తుడిచేసి, "ఇప్పుడు నడుస్తది మామా" అంది. గండయ్య రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పెన్సిలు చెక్కి ఆయనే ఆమె ముందు పెట్టాడు. తరవాత కళ్ళకు ఆపరేషన్ అయి చూపు బాగుపడినా, పెన్సిలు మళ్ళీ అడగలేదు.

చిటికి సంగతి ఇదైతే, జంగమ్మ సంగతి వేరు. జంగమ్మ, ఆమె భర్త కృష్ణయ్య జాలుకుంట కింద ఎకరం పొలం చేస్తారు. వాళ్ళ పెద్దలకు గోరంత నేల లేదు. ఇద్దరూ ఊరూరా నాట్లేసి, కోతలు కోసి, ఆ ఎకరం సంపాదించారు. ఆండాళు కొత్త కోడలిగా బట్టలు పిండడానికి కుంటకు పోయిన మొదటి రోజే బురదలో మోకాలిదాకా దిగబడిపోయింది. పక్క బండ మీదున్న జంగమ్మ అందిన జడ పట్టుకుని ఒడ్డుకు లాగింది. "కొత్త జడ, గట్టిగనే ఉన్నది" అంది. ఆ రోజు నుంచి ఒకరికొకరు వదినలు. ఏటా వానలు పడ్డాక కుంటలో ఎక్కిన మొదటి కొర్రమట్ట చేప ఆండాళు ఇంటికి వచ్చేది. ఏటా నేసిన కొత్త తువాలొకటి జంగమ్మ భుజం మీదికి చేరేది.

అంత పొత్తు ఒక్క వానతో చెడింది. ఆ ఏడు జూను మొదట్లో, మిరుగు కార్తెలో మొదటి పెద్ద వాన కురిసింది. నేతపని చేసే సాలోళ్ళ వాడలో గాబులు కడిగిన నీళ్ళన్నీ, మురికి మోరీల్లో ఎండాకాలమంతా ఎండిన రంగంతా, ఒక్కసారిగా వాగులోకి, వాగులోంచి కుంటలోకి దిగాయి. మర్నాటికి చేపలు తెల్ల పొట్టలు పైకి పెట్టి తేలాయి. జంగమ్మ నారుమడి మాడిపోయింది. ఆమె నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి నడిమధ్య నిలబడింది.

"మీ చీరెల రంగు మా కుంటల ఎందుకు? మీరు అమ్ముకునేటందుకు మేం పస్తులుండాల్నా?" అని అడిగింది.

ఆండాళుకు రోషం వచ్చింది. "మా రంగొక్కటేనా? నీ నారుమడిల చల్లిన యూరియా ఏం జేస్తది వదినా? నారును మాడ్చదా?"

మాటకు మాట పెరిగింది. రంగు గాబులు మూసెయ్యాల్సిందే అని సర్పంచ్ తేల్చబోయాడు. ఆ వేడిలో ఆండాళు నోట్లోంచి ఒక మాట వచ్చేసింది. "మూసుడెందుకు సర్పంచ్ సాబ్? ఒక పరీక్ష పెట్టున్రి. వచ్చే ఏడు వానలు పడంగనే తూము కాడ తెల్ల నూలు చిలప కడ్తం. బతుకమ్మ పండుగ దాంక గట్లనే ఉంచున్రి. దానికి రంగు అంటినట్టు కనబడితే మా గాబులు మేమే బోర్లిస్తం!"

నూలుకు అబద్ధం తెలియదని సాలోళ్ళకే కాదు, ఊళ్ళో అందరికీ తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆండాళు గొప్పగా చుట్టూ చూసింది. ఇంటికి పోయే దారిలో భర్త రాంచందర్ మెల్లగా అడిగాడు. "గా మాట అనేముందు ఒక్కసారి నా దిక్కు చూస్తే ఏం పోయేదే?"

అప్పుడు తెలిసింది ఆండాళుకు తానేం పందెం కట్టిందో. మామూలు చీరైతే పట్నంలో రంగు వేసిన నూలు కొనుక్కుని నేసుకోవచ్చు. చిటికికి ఆ వీలు లేదు. కట్టు కట్టడం, రంగులో ముంచడం, విప్పడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ ముంచడం. గాబు లేని ఇంట్లో చిటికి లేదు. చిటికి లేని ఇంట్లో ఆండాళు పెన్సిలుకు పని లేదు. వాడ మొత్తం ఆ తెల్ల చిలపకు, పిడికెడు నూలు కట్టకు, వేలాడుతోంది, కట్టింది తానే.

సర్పంచ్ ఎవరెవరికో ఫోన్లు చేస్తే, ఆ చలికాలంలో సుచరిత వచ్చింది. హైదరాబాదులో ఒక కాలేజీలో పనిచేస్తుంది. పుట్టింది ఆలేరులో, రైలు కూత వినకపోతే నిద్ర పట్టని ఇంట్లో. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడచెట్ల మధ్య పడవలో తిరిగి, మురికి నీళ్ళను చెట్లతో, గడ్డితో ఎలా తేటపరచవచ్చో కంప్యూటరులో లెక్కలు కట్టి వచ్చింది. ఆండాళు ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"గాడ నది పోయి సముద్రంల కలుస్తది. ఈడ వాగు వచ్చి కుంటల కలుస్తది. కలిసే కాడనే నీళ్ళు నిమ్మళమైతయ్ అక్కా. నిమ్మళమైన కాడనే జమ్ము, తుంగ, మెట్టతామర అసొంటివి పెడితే, వాటి వేళ్ళు మురికిని పట్టుకుంటయ్. కాకపోతే యాడ పెట్టాల్నో ముందుగాల తెల్వాలె. ఊకె పెడితే నీళ్ళు పక్క నుంచి తప్పించుకొని పోతయ్."

"గది ఎట్ల తెలుస్తది?" అంది ఆండాళు.

సుచరిత తెర ఆమె వైపు తిప్పింది. నదీముఖం బొమ్మ అంతా చిన్న చిన్న గళ్ళుగా ఉంది. "ఒక్కో గడికి లోతెంతో చెప్తం. గా గడి తన పక్క గడికి ఎన్ని నీళ్ళిస్తది, ఎంత రంగిస్తది అని ఇది లెక్క కడ్తది. ఒక గడిల గడ్డి పెట్టి చూస్తం. బాగలేకుంటే తీసి ఇంకో గడిల పెడ్తం. నిజంగ నాటకముందే ఈడ నాటి చూసుకుంటం."

ఆండాళు తెర మీదికి వంగి చూసి పెద్దగా నవ్వింది. "ఓ బిడ్డా, గిది మా గ్రాఫే గద! గింతదానికి గంత పెద్ద చదువా?"

సుచరిత కూడా నవ్వింది. లోతులు కొలిచి గళ్ళలో రాసే పని ఆండాళుకే ఇద్దామని అప్పటికప్పుడే అనుకుంది. అంత చక్కగా గళ్ళు నింపే చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకెక్కడ దొరుకుతుంది?

మాఘమాసం ఎండలో ఆండాళు, రాంచందర్ కలిసి తెప్ప మీద కుంటలోకి దిగారు. ఆయన వెదురుగడ ముంచడం, ఆమె గడిలో రాయడం. వాడవైపు గట్టు నుంచి మొదలుపెట్టి కుంట నడుమ దాకా వచ్చారు. నడుమకు రాగానే ఆండాళు చెయ్యి దానంతటదే ఒక నిలువు గీత గీసింది. మడత గీత. పైన అలవాటుగా "తిరగేసి" అని రాసింది. పెన్సిలు పట్టిన నాటి నుంచి నడుమ గీత వచ్చాక అవతల గీసిన పాపాన పోని చెయ్యి అది.

"ఇంటికి పోదాం పా" అంది.

"అయిపాయెనా?" అన్నాడు రాంచందర్, నమ్మలేక.

"అయిపాయె. మిగిలింది మడత."

సుచరిత ఆ కాగితం చూసి, "అటు దిక్కు?" అని అడిగింది. అడగలేదని తరవాత ఎవరూ అనడానికి లేదు. "అటు దిక్కు గూడ గంతే" అని ఆండాళు ఎంత ధీమాగా చెప్పిందంటే, కుంటను ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషి చెబుతోందని సుచరిత నమ్మేసింది. ఎడమ సగాన్ని తిరగేసి కుడివైపు అతికించింది. కంప్యూటరుకు మాత్రం ఏం తెలుసు? ఇచ్చింది తిని, లెక్క కట్టి, ఎర్రని, నీలిరంగు గళ్ళతో ముచ్చటైన బొమ్మ ఒకటి చూపించింది.

గండయ్య ఆ బొమ్మను కాగితం మీద అచ్చు వేయించుకుని, కొత్త చూపుతో ఎగాదిగా చూశాడు. "చీరె పల్లు మంచిగున్నది. గీసినోళ్ళు అంచు మర్సిన్రు" అన్నాడు. అది కుంట అని చెబితే, "కుంటకైనా అంచుండాలె గద" అని తన మాట మీదే నిలబడ్డాడు.

ఎండాకాలం చివర కుంట నీళ్ళు తగ్గినప్పుడు, వాడలోని ఆడవాళ్ళంతా కొంగులు బిగించి బురదలోకి దిగారు. బొమ్మలో చూపిన చోట జమ్ము, తుంగ నాటారు. ఒడ్డున మెట్టతామర దుంపలు పాతారు. ఆండాళు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. గట్టు మీద పోతూ జంగమ్మ ఒక్క క్షణం ఆగి చూసింది. ఏదో అనబోయింది. ఆండాళు చూడనట్టు వంగింది. జంగమ్మ ఏమీ అనకుండానే పోయింది. ఆ రోజు ఆండాళు తలెత్తి ఉంటే ఈ కథ ఇక్కడితోనే అయిపోయేది, తలెత్తే మనిషైతే కదా.

మిరుగు కార్తె వచ్చింది. వాన కురిసింది. పంచాయతీ వాళ్ళు చిలప కట్టడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఆండాళు ఆగలేక, ముందుగా తానే ఒక చిలప తీసుకుపోయి తూము దగ్గర కట్టి వచ్చింది. అది తెల్లగా తేలితే వాడంతా తిప్పి చూపాలని ఆశ. సాయంత్రానికి పోయి లాగితే, అది లేత గులాబీ రంగులో మెరిసింది. అంత అందమైన రంగు గాబులో పడాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పడలేదు. గట్టు ఎక్కి చూస్తే సంగతి తెలిసింది. నాటిన జమ్ము హాయిగా గాలికి ఊగుతోంది. ఎర్ర నీళ్ళు దాని మొహం కూడా చూడకుండా, అవతలి వైపు నుంచి తిన్నగా తూముకు పోతున్నాయి.

ఆండాళు గబగబా గట్టు దిగింది. తడి చిలపను కొంగులో దాచుకుని ఇంటికి వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా సుచరితకు ఫోను చేసింది.

మర్నాడు సుచరిత వచ్చి, అరుగు మీద కూర్చుని, తెర వైపు చాలాసేపు చూసింది. "అక్కా, గీ కుంట గింత సక్కగ ఎట్లున్నది? ఇటు మూర లోతుంటే అటు గూడ మూరే. ఇటు గుండురాయి ఉంటే అటు గూడ గుండురాయే. దేవుడు గూడ గింత సమానంగ తవ్వడు గద."

ఆండాళు మొహం ఎర్రబడింది. "అటు దిక్కు కొలవలే బిడ్డా."

"కొలవలే?"

"నడుమ దాంక కొలిచిన. మిగిలింది... మడత అనుకున్న."

సుచరితకు అర్థం కాలేదు. ఆండాళు లోపలికి పోయి నెమలి గ్రాఫు తెచ్చి, నడుమ గీత చూపించి, కాగితం మడిచి విప్పింది. సుచరిత నెమలిని చూసింది, తెరను చూసింది, ఆండాళును చూసింది. ఇక ఆపుకోలేక కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "నాదీ తప్పే. నువ్వు గంత గట్టిగ చెప్తే, నేను ఇంకోసారి అడుగుడు ఇడిసిన. లెక్క మళ్ళ కట్టుడు ఎంతసేపు? గని అటు దిక్కు లోతులు కావాలె. వానలు పడ్డయ్, నీళ్ళు ఎక్కినయ్. యాడ ఏమున్నదో తెల్వకుంట దిగుడు మంచిది కాదు. ఎవలకన్న తెల్సా?" అంది.

తెలిసిన మనిషి ఎవరో ఆండాళుకు తెలుసు. తెలంగాణ వచ్చిన కొత్తలో కుంట పూడిక తీసినప్పుడు, అవతలి వైపు నుంచే ఒండ్రు తవ్వి ట్రాక్టర్లతో పొలాలకు తోలారు. జంగమ్మ తన ఎకరానికి ఏ మట్టి కావాలో తానే గుంటలోకి దిగి, వేలితో నలిపి చూసి మరీ తవ్వించుకుంది. ఆ గుంట ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. నీళ్ళు దారి చేసుకుని పోతున్నది దాని మీదుగానే. ఇంత పెద్ద గుంటను మడతలో కలిపేసిందన్నమాట!

పోవాలా, వద్దా అని ఆండాళు రెండు రోజులు తన్నుకులాడింది. పోతే జంగమ్మ ముందు తల దించాలి. పోకపోతే వాడలో గాబులన్నీ బోర్లించాలి. తన రోషం కోసం ఊళ్ళో చిటికిని ముంచే హక్కు తనకు లేదని మూడో రోజు పొద్దున తేల్చుకుని, చెప్పులు వేసుకుంది.

జంగమ్మ పొలం గట్టు మీద కూర్చుని సద్ది తింటోంది. ఆండాళును చూసి కూడా ముద్ద ఆపలేదు.

"వదినా," అంది ఆండాళు. ఆ మాట అని ఏడాదైంది. "గా కుంటల అటు దిక్కు... నీకు ఎర్కే గద..."

"నాకేం ఎర్క లేదు" అంది జంగమ్మ. "సగం చెప్పి మిగిలింది ఇప్పుకొమ్మంటే నాతోని కాదు. మొత్తం చెప్పు."

ఆండాళు నిలబడే మొత్తం చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఒక సంగతిని మొదటి నుంచి చివరిదాకా చెప్పడం ఆమెకు అదే మొదలు. కొలిచిన సగం, కొలవని సగం, నడుమ గీత, తిరగేసి, గాలికి ఊగే జమ్ము, కొంగులో దాచిన గులాబీ చిలప, అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు నాదే వదినా. నీ నారు మాడినప్పుడు గూడ మా తప్పు సగమే అన్న. సగం గాదు" అంది.

జంగమ్మ చెయ్యి కడుక్కుంది. పెదవి బిగించి పొలంవైపు తిరిగింది. తరవాత భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తోందేమోనని ఆండాళు భయపడింది. కాదు, నవ్వు.

"కుంటను మడత పెట్టినవా! ఓ నా తల్లీ! నువ్వు నాటుతుంటే చూసి చెప్దామనుకున్న, గుంట అటున్నదే పిచ్చిదానా అని. నువ్వు మొఖం తిప్పుకుంటివి. నాకూ పౌరుషమాయె, నోరు మూసుకొని పోయిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను చల్లిన యూరియా గూడ ఎక్కువనే తీ. దా, కూసో. సద్ది తింటవా?"

ఆ మధ్యాహ్నమే తెప్ప మళ్ళీ కుంటలోకి దిగింది. ఈసారి ముందు జంగమ్మ, వెనక ఆండాళు. జంగమ్మ గడ ముంచి, "గిది గుంట అంచు... గీడ నడుముల మట్టం... గీడ నిలువు లోతు, జర ఇటు జరుగు" అని పిలుస్తుంటే, ఆండాళు ఒక్కో గడిలో రాసింది. ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు. నడుమ గీత మీదికి వచ్చినప్పుడు చెయ్యి అలవాటుగా ఆగింది. జంగమ్మ గడతో నీళ్ళు చిమ్మింది. "రాయవే!"

కొత్త కొలతలతో కంప్యూటరు బొమ్మ మొత్తం మారిపోయింది. సుచరిత గుంటను పూడ్చినట్టు పెట్టి చూసింది, ఉంచినట్టు పెట్టి చూసింది. ఉంచితేనే నయమని తేలింది. వాగు నోటి దగ్గర రాళ్ళూ కంపా పేర్చి చిన్న అడ్డు కడితే, మురికి నీళ్ళు ముందు గుంటలోకే పోయి నిలుస్తాయి. రంగూ మట్టీ అడుగుకు దిగుతాయి. గుంట పెదవి చుట్టూ జమ్ము ఉంటే, పైకి పొర్లే నీళ్ళు దానిలోంచి మెల్లగా జారుతాయి. సముద్రం దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతిని కూడా సుచరిత తెర మీద చూపింది. గాబులన్నీ ఒకే పూట గుమ్మరిస్తే గడ్డి తట్టుకోలేదు. ఒక తొట్టిలో పోసి కొంచెం కొంచెం వదిలితే తట్టుకుంటుంది. వాడలో అందరికీ కలిపి తొట్టి కట్టారు. "గాబు నీళ్ళకు గూడ టైం పెట్టిన్రా" అని రాంచందర్ గొణిగాడు కానీ, తొట్టి గొట్టానికి బిరడా బిగించింది అతనే.

జమ్మును పీకి మళ్ళీ నాటడానికి ఈసారి వాడ ఆడవాళ్ళే కాదు, కుంట కింది ఆడవాళ్ళూ వచ్చారు. మోకాలి లోతు నీళ్ళలో నడుము వంచి, ఒకళ్ళనొకళ్ళు మడత అని ఎగతాళి చేసుకున్నారు. "ఓ ఆండాళు వదినా, ఒకటి నాటితే రెండు మొలుస్తయా?" అని ఎవరో అంటే, అందరికంటే ముందు నవ్వింది ఆండాళే. పంచాయతీ వాళ్ళు తూము దగ్గర అసలు చిలప కట్టారు. ముడి జంగమ్మే వేసింది, ఎవరూ విప్పకుండా.

ఆ మూడు నెలలు ఆండాళు కుంటవైపు రోజూ పోయింది. చిలప వైపు మాత్రం చూడలేదు. చూస్తే చెయ్యి ఊరుకోదని ఆమెకు తెలుసు.

పెద్ద బతుకమ్మ ముందు రోజు సాయంత్రం ఊరంతా తూము దగ్గర చేరింది. జంగమ్మ నీళ్ళలోకి దిగి ముడి విప్పి చిలపను పైకి తీసింది. అందరూ మెడలు సాచారు. చిలప గోధుమ రంగులో ఉంది.

"రంగే!" అన్నారు వెనక నుంచి ఎవరో.

జంగమ్మ ఎవరివైపూ చూడకుండా, ఇంటి నుంచి తెచ్చిన బిందెలో బోరు నీళ్ళల్లో చిలపను ముంచింది. పిండింది. మళ్ళీ ముంచింది. బిందె అడుగున సన్నని ఒండ్రు దిగింది. ఒకప్పుడు ఆమె తన పొలానికి కావాలని తవ్వించుకున్న ఒండ్రే అది. నూలును ఎండకు ఎత్తి పట్టింది. బావి నీళ్ళలో నానినట్టు మల్లెపూవు తెలుపేమీ కాదు. కానీ దానిలో ఎరుపు లేదు, నీలం లేదు, పసుపు లేదు.

"గిది మట్టి. మట్టి నాదే" అంది జంగమ్మ. "సాలోళ్ళ రంగు ఇందుల లేదు. ఫిర్యాదు ఇచ్చింది నేను, చెప్తున్నది నేను."

గండయ్య ముందుకు వచ్చి, చిలపను కళ్ళ దగ్గర పెట్టుకుని, వేళ్ళతో విడదీసి, ముక్కుతో వాసన కూడా చూసి, "తెలుపే" అని తీర్పు ఇచ్చాడు. వాడ మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆండాళు అక్కడే గట్టు మీద కూలబడి, పెద్ద పెట్టున ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. మర్నాడు ఆ కుంటలోనే బతుకమ్మలు తేలాయి.

కుంట ఇప్పుడు కూడా అద్దంలా ఏమీ ఉండదు. పెద్ద వానకు రెండు రోజులు మసకబారి మళ్ళీ తేరుకుంటుంది. ఏడాదికోసారి ముదిరిన జమ్ము కోసి తీయాలి. సుచరిత వచ్చి లోతులు మళ్ళీ కొలిపించుకుపోతుంది, రెండు వైపులా. తరవాతి వానలకు కొర్రమట్ట ఒకటి ఆండాళు గుమ్మంలోకి వచ్చింది, కొంచెం చిన్నదే.

బదులుగా ఆండాళు తువాలు నేయించింది. తూము దగ్గర నానిన ఆ చిలపనే తీసుకుని, జాలుకుంటను గ్రాఫు గీసింది. ఎడమన వాడ, తొట్టి, మెట్టతామర. కుడివైపు గుంట, జమ్ము, తూము, తూము కింద ఎకరం పొలం. రెండు వైపులా ఒకటి కాదు కనక నూలును మడవడానికి లేదు. కట్టు ప్రతిదీ విడిగా కట్టాలి. రెట్టింపు పని. గండయ్య చూసి, "రెండు దిక్కులూ కలుస్తలేవు. తప్పు వచ్చింది" అన్నాడు.

"కుంట గట్లనే ఉన్నది మామా" అంది ఆండాళు.

జంగమ్మ తువాలును గట్టు మీద పరిచి, వేలితో వాడ నుంచి మొదలుపెట్టి మెల్లగా ఇవతలి వైపుకు వచ్చింది. గుంట దగ్గర ఆగింది. ఆ కింద తన ఎకరం ఉంది. రంగు తగలకుండా గట్టిగా కట్టి వదిలిన చోటు అది, ఆ చిలప తెలుపే.

"మొత్తం గీసినవ్" అంది జంగమ్మ.

"మొత్తం గీసిన వదినా" అంది ఆండాళు. ఆ తరవాత మిగిలింది ఇప్పుకోమని అనలేదు.